పాట నాది, రీల్స్ నావల్ల కాదు

ప్రశ్న: సొంతంగా పాటలు రాసి, బాణీ కట్టి పాడతాను. రోజూ రీల్స్ పెట్టకపోతే ఎవరూ వినరంటున్నారు మిత్రులు. సోషల్ మీడియా లేకుండా కుదరదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: రోజూ అక్కర్లేదండీ. పూర్తిగా మానేస్తే మాత్రం కష్టమే. సినిమా పాటకు హీరో, ట్రైలర్ ఉంటాయి. మీ పాటకు మీరే దిక్కు. కచేరీకి పిలవాలనుకున్నవాళ్లు ముందు ఫోన్‌లో మీ పేరు కొట్టి చూస్తారు. అక్కడ ఏమీ కనబడకపోతే ఇంకొకరిని వెతుక్కుంటారు.

యూట్యూబ్‌లో ఛానల్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ చాలు. పాట రికార్డు చేసిన రోజే అరనిమిషం ముక్కలు నాలుగు తీసిపెట్టుకుని వారానికొకటి వదలండి. డాన్సులు చేయనక్కర్లేదు, హార్మోనియం మీద మీ వేళ్లు కనబడినా చాలు. డబ్బిచ్చి ఫాలోవర్లను కొనొద్దు. వాళ్లు పాట వినరు.

స్పాటిఫై ప్లేలిస్టుల కోసం పాటను విడుదలకు కనీసం 7 రోజుల ముందే పంపాలి. చాలామందికి ఇది విడుదలయ్యాకే గుర్తొస్తుంది! అక్కడ 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు రాని పాటకు రాయల్టీ రాదు. అందుకే కచేరీలో పాట నచ్చిందన్నవాళ్ల వాట్సాప్ నంబర్లు అడిగి తీసుకోండి, కొత్త పాట రాగానే నేరుగా పంపండి. నా దృష్టిలో రీల్స్ కన్నా ఇదే గట్టి దారి.

ఇలా మీ పాట విని ఏదైనా మ్యూజిక్ కంపెనీ ఒప్పందం పంపితే మాత్రం, సంతకానికి ముందే కాపీరైట్ తెలిసిన లాయరుకు చూపించండి.