తటస్థ నౌక - జలాంతర్గామి

మన శ్రీహరికోట ఒడ్డును తాకు బంగాళాఖాతములోనే, 1914 సెప్టెంబరులో, జర్మను యుద్ధనౌక ఎమ్డెన్ ఒక ఇటలీ వర్తకనౌకను ఆపి, తటస్థ దేశపుదని విడిచిపెట్టినది. ఆ నౌకయే పోయి ఎమ్డెన్ జాడను బయటపెట్టినది! విడిచినవానికి దక్కిన ఫలమది.

జలాంతర్గామికి ఈ ఔదార్యము మరింత కష్టము. పట్టిన నౌకను నడుపుటకు దానికి అదనపు నావికులుండరు, బందీలకు చోటుండదు. నీటిపై తేలినచో చిన్న ఫిరంగికే లొంగును. అయినను 1936 నాటి లండను ఒడంబడిక, వర్తకనౌకను ముంచుటకు ముందు అందలి జనులను సురక్షిత స్థానమునకు చేర్చవలెనన్నది. జర్మనీయు దానికి సమ్మతించినది.

1941 మే 21న యు-69 అను జర్మను జలాంతర్గామి, అప్పటికి యుద్ధమున చేరని అమెరికా నౌక రాబిన్ మూర్‌ను అట్లాంటిక్ నడుమ ఆపి, 46 మందిని పడవలలోనికి దింపించి, నౌకను ముంచినది. ఆ పడవలు సురక్షిత స్థానమగునా? కాదనియే మేమందుము. దినముల తరబడి అలలపై తేలియు అందరు బ్రతికిరి. అది వారి అదృష్టము.