కరెంటు లేనినాడు నీళ్లు కాచేదెలా?

టెక్సస్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లు మంచినీళ్ల గురించి పెద్దగా ఆలోచించరు. హైదరాబాద్‌లో ఇరవై లీటర్ల క్యాన్ కోసం ఫోన్లు చేసిన బాధ ఇక్కడ లేదు, కుళాయి తిప్పితే తాగే నీళ్లే. కానీ 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో హ్యూస్టన్, ఆస్టిన్‌తో సహా రాష్ట్రంలో కోటిమందికి పైగా జనాన్ని నీళ్లు కాచుకుని తాగమన్నారు. అదే వారం లక్షల ఇళ్లకు కరెంటు లేదు. ఎలక్ట్రిక్ స్టవ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో దేనిమీద కాచాలి? బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చి వెలిగించే ఆలోచన మాత్రం వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం పోయేదాకా తెలియదు.

అందుకే ముందు కొని దాచుకోండి, శుద్ధి చేయడం తర్వాతి మాట. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు, కనీసం మూడు రోజులకు. నలుగురుంటే 12 గ్యాలన్లు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లనూ లెక్కలో వేయండి. నలభై అరలీటరు సీసాల కేసులు మూడు తెచ్చి మంచం కింద తోసేస్తే నలుగురికి సరిపోయి ఇంకా మిగులుతాయి.

అవీ అయిపోతే? స్టవ్ వెలిగితే నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం అలాగే మరగనివ్వండి, చాలు. వెలగకపోతే బ్లీచ్. మన ఊళ్లో బావుల్లో బ్లీచింగ్ పౌడర్ కలపడం చూసినవాళ్లకు ఇదేమీ వింత కాదు. బట్టల సబ్బుల వరుసలో దొరికే మామూలు బ్లీచే, కానీ సువాసనలవీ, చిందకుండా చిక్కగా చేసినవీ, రంగు బట్టల కోసం అమ్మేవీ పనికిరావు. లేబుల్ మీద సోడియం హైపోక్లోరైట్ 6 శాతమని ఉంటే గ్యాలన్‌కు 8 చుక్కలు, 8.25 శాతమైతే 6. నీళ్లు మసగ్గా ఉంటే పలుచటి గుడ్డలో వడకట్టి, చుక్కలు రెట్టింపు చేయండి. బాగా చల్లగా ఉన్నా రెట్టింపే. కలిపి అరగంట ఆగాలి. కాస్త క్లోరిన్ వాసన రావాలి; రాకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి ఇంకో పావుగంట ఆగండి. మందు చుక్కలు వేసే డ్రాపర్ ఒకటి కొత్తది కొని బ్లీచ్ సీసాకే కట్టి పెట్టండి, చెంచాతో అందాజుగా పోయడం మన అలవాటు కదా! పాతబడ్డ బ్లీచ్‌లో పస తగ్గుతుంది, ఏడాదికోసారి మార్చండి.

ఫ్రిజ్‌లోని ఫిల్టరు, జగ్గు ఫిల్టరు రుచిని బాగుచేస్తాయి, సూక్ష్మజీవుల్ని ఆపవు. అత్తగారిచ్చిన రాగి బిందెనూ ఈ పనికి నమ్ముకోకండి.

నోటీసు మాత్రం జాగ్రత్తగా చదవండి. కాచి తాగమనడం వేరు, అసలు తాగొద్దనడం వేరు. 2014 ఆగస్టులో ఒహాయోలోని టొలీడోలో ఈరీ సరస్సు నాచు విషం కుళాయిల్లోకి వచ్చినప్పుడు కాచొద్దన్నారు. మరిగేకొద్దీ నీరు ఆవిరై విషం చిక్కబడుతుంది. అలాంటప్పుడు దాచుకున్న సీసాలే దిక్కు.

నోటీసు ఎత్తేశాక ఫ్రిజ్‌లోని ఐసు పారబోసి, కుళాయిలన్నీ కొన్ని నిమిషాలు వదిలేయండి. ఫిల్టర్లు మార్చాకే మళ్లీ వాడండి.