ఓడినవారి పేరు కూడా రాసుకోండి

ముప్పై ఏళ్లు పీఈటీగా పనిచేశాను. మిర్యాలగూడలో మొదలుపెట్టి, కోదాడలో కొన్నాళ్లుండి, సూర్యాపేటలో రిటైరయ్యాను. పొద్దున నడక అయ్యాక టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు నన్ను చుట్టుకుంటారు. బాక్సింగ్‌లో మేరీ కోమ్ గొప్పా, మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ గొప్పా అని వాదన. ఎటు తిరిగినా అది ఒక్క మాట దగ్గరికే వస్తుంది: "అసలు ఆమె ఎవర్ని కొట్టింది సార్?"

మంచి ప్రశ్నే. కానీ దాన్ని అడగడానికో పద్ధతుంది. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

1. ముందు తూకం చూడండి.

మేళ్లచెరువు శివరాత్రి జాతరలో బండలాగుడు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. రెండు పళ్ల ఎడ్లను ఆరు పళ్ల జతతో పోటీకి దింపరు. మేరీ కోమ్ ఆరు ప్రపంచ స్వర్ణాలూ 48 కిలోలు, అంతకంటే తక్కువ విభాగాల్లో గెలిచినవి. ఒలింపిక్స్‌లో ఆ బరువు లేదు. అందుకే 51కి ఎక్కి, తనకంటే ఒడ్డూపొడుగున్న వాళ్లతో తలపడి, 2012లో లండన్ నుంచి కాంస్యం తెచ్చింది. నిఖత్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ విజేత. ఈ అంకెలు పక్కన పెట్టుకోకుండా పతకాలు లెక్కపెట్టకండి.

2. కాలం చూడండి.

మహిళల ప్రపంచ బాక్సింగ్ పోటీలు మొదలైందే 2001లో. మేరీ మొదటి స్వర్ణం 2002లో. "అప్పుడు పోటీ ఎక్కడిది?" అంటారు కుర్రాళ్లు. నిజమే, చాలా దేశాల్లో ఆడపిల్లల బాక్సింగ్ అప్పుడప్పుడే కళ్లు తెరుస్తోంది. అయితే దారి కూడా లేని రోజులవి. ముళ్లు తొక్కుతూ బాట వేసినవాళ్ల నడకను, తారు రోడ్డు మీద వేగంతో కొలవకూడదు.

3. ఇద్దరికీ ఎదురైన ప్రత్యర్థిని వెతకండి.

ఒకరోజు టీ కొట్టులో పాత బిల్లు వెనక అడ్డంగా గీత గీసి రాయించాను. టర్కీ బాక్సర్ బుసేనాజ్ చాకిరోగ్లు చేతిలో మేరీ 2019 ప్రపంచ పోటీల సెమీస్‌లో 1-4తో ఓడింది. 2022లో సోఫియాలో నిఖత్ ఆమెనే 4-1తో ఓడించింది. కొలంబియా బాక్సర్ ఇంగ్రిత్ వాలెన్సియా టోక్యో ఒలింపిక్స్‌లో మేరీని 3-2తో ఇంటికి పంపింది. 2023 ప్రపంచ పోటీల సెమీస్‌లో నిఖత్ ఆమెను 5-0తో గెలిచింది.

"చూశారా, నిఖతే!" అని ఒకడు లేచాడు. కూర్చోమన్నాను. 2019లో ఇదే వాలెన్సియాను మేరీ 5-0తో ఓడించింది. ఆ ఏడాది డిసెంబరు 28న ఢిల్లీ ట్రయల్స్‌లో నిఖత్‌నూ 9-1తో ఓడించింది. అప్పటికి నిఖత్‌కు 23 ఏళ్లు, ఆమె సీనియర్ ప్రపంచ స్వర్ణాలు ఇంకా ముందున్నాయి. పేరొక్కటే సరిపోదు. పక్కన తేదీ కూడా వేయండి.

4. గొలుసు లెక్కలు నమ్మకండి.

హెవీవెయిట్ బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ ఫ్రేజియర్‌నూ, నార్టన్‌నూ రెండేసి రౌండ్లలో మట్టికరిపించాడు. ఆ ఇద్దరూ అంతకుముందు మహమ్మద్ అలీని ఓడించినవాళ్లే. ఆ లెక్కన ఫోర్‌మన్ ముందు అలీ నిలవకూడదు. 1974లో కిన్షాసాలో ఎనిమిదో రౌండులో పడిపోయింది ఫోర్‌మన్.

5. డ్రా, అంటే ఎవరికి ఎవరు ఏ రౌండులో ఎదురవుతారో, చూడకుండా తీర్పు చెప్పకండి.

పారిస్ ఒలింపిక్స్‌లో నిఖత్ రెండో బౌట్‌లోనే 0-5తో ఓడిందని మా వీధిలో చాలామంది చప్పరించారు. ఓడింది చైనా బాక్సర్ వూ యూ చేతిలో. ఫైనల్లో చాకిరోగ్లును ఓడించి స్వర్ణం గెలిచిందీ ఆ వూ యూనే. ఒకే చేతిలో ఓడినా చివర్లో ఎదురైనవారికి రజతం, మొదట్లో ఎదురైనవారికి ఉత్త చేతులు.

6. ఓడినవారిని చులకన చేయకండి.

ఈ పాఠం నాకు నేర్పింది ఒక చిన్నపిల్ల.

నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి బాక్సింగ్ పతకం మెడలో వేసుకుని వచ్చింది. "నీ వెయిట్‌లో ఎంతమందమ్మా?" అని ప్రార్థన దగ్గర, అందరి ముందూ అడిగాను. "ఇద్దరమే సార్" అంది. "ఇంకేం, చచ్చిన పామును కొట్టొచ్చావన్నమాట" అన్నాను. పిల్లలంతా నవ్వారు. ఆమె పతకం తీసి గుప్పిట్లో పెట్టుకుంది. రిబ్బను మాత్రం వేళ్ల సందులోంచి వేలాడుతూ ఉండిపోయింది. మర్నాటి నుంచి గ్రౌండుకు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే తల వంచుకుని ఒకే మాట చెప్పింది: "ఆమె కూడా మంచిగనే కొట్టింది సార్. నా పెదవి పగిలింది."

పగిలిన పెదవిని నేను చూడలేదు. తలల లెక్క మాత్రం అడిగాను. ఓడిన పిల్ల కూడా చీకటితోనే లేచి, బస్సెక్కి, అదే తూకం యంత్రం ఎక్కి వచ్చి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ఆమెను చచ్చిన పామంటే, గెలిచిన పిల్ల పగిలిన పెదవికి విలువేముంది?

7. రెండు పేర్లూ రాయండి.

ఆ ఏడాది నుంచి నా నోటుబుక్కులో గెలిచిన పిల్లల పేర్ల పక్కన ఓడినవాళ్ల పేర్లూ, వాళ్ల ఊళ్లూ రాస్తూ వచ్చాను. ఇప్పుడు టీ కొట్టులో ఎవరైనా "ఎవర్ని కొట్టింది?" అంటే, జవాబు చెప్పే ముందు ఆ ఓడినామె పేరు పూర్తిగా చెప్పమంటాను. చెప్పగలిగినవాడితోనే వాదిస్తాను.