అక్క చెప్పిన మాట

ఒక టీచరమ్మ మగ్గం వర్క్ నేర్పుతుంది. బొమ్మలు తనే గీస్తుంది. వీడియో పాఠాలు తయారు చేస్తుంది. ఆ పాఠాలు ఫోనులో చూడాలంటే నెల నెలా చందా కట్టాలి. ఆ చందాతోనే ఆమె ఇల్లు గడుస్తుంది.

ఒక అక్క చందా కట్టి నేర్చుకుంటోంది. ఎదురింటి చెల్లెలు వచ్చింది.

"అక్కా! ఆ బొమ్మలు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపవా? ఉత్త ఫోటోయే కదా!"

స్క్రీన్‌షాట్ అంటే ఫోను తెర మీద కనిపించేదాన్ని ఉన్నదున్నట్టు ఫోటో తీయడం.

"వద్దు చెల్లీ! నువ్వు కుట్టిన జాకెట్టు కూలి ఇవ్వకుండా పట్టుకుపోతే ఊరుకుంటావా? ఈ బొమ్మలూ ఆమె కష్టమే."

"నువ్వు డబ్బు కట్టావుగా?"

"కట్టింది చూసి నేర్చుకోవడానికి. అందరికీ పంచడానికి కాదు."

అక్క చెప్పింది నిజం. రాసినవారికి, బొమ్మ గీసినవారికి, వీడియో తీసినవారికి దాని మీద హక్కు ఉంటుంది. దాన్నే కాపీరైటు అంటారు. మన దేశంలో దీనికి 1957లో చట్టం చేశారు. తెలిసీ ఆ హక్కును కాజేస్తే 3 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

"మరి నేనెట్లా నేర్చుకునేది?" అంది చెల్లెలు.

"సూది పట్టుకుని రా. నాకు వచ్చిన కుట్లు నేర్పుతా. కుట్టు అందరిదీ. ఆమె గీసిన బొమ్మ ఆమెది. ఊరికే చూడమని పెట్టిన వీడియోలు కూడా ఉన్నాయి. అవీ చూద్దాం."

సాయంత్రం చెల్లెలు సూదితో వచ్చింది.

చెప్పండి
1. చందా కడితే ఏ హక్కు వస్తుంది? ఏది రాదు?
2. మీ చేతిపనికి కూలి రాకపోతే మీకేమనిపిస్తుంది?