వాకిలి చదును చేయుట



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో క్రొత్త ఇల్లు కట్టుకొనువానికి ఒక చిన్న ఆజ్ఞ గలదు. మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టనందున ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటివానిమీద నుండుననియు దాని భావము. ఆ దేశములో మిద్దెలు చదునుగా నుండెను. జనులు వాటిమీద కూర్చుండుటయు నిద్రించుటయు వాడుక. కనుక ఇంటివాడు తన సొంత కప్పు విషయములో సైతము పరులను తలంచుకొనవలసియుండెను. మన పల్లెలలో ఇంటివానివలన పొరుగువానికి కలుగు కీడు మిద్దెమీదనుండి వచ్చుట అరుదు. తరచుగా అది వాకిటిలోనుండి వాననీటితో బయలుదేరి గోడ అడుగుననే వచ్చును. ఈ మాసము మనము ఆ వాకిటినిగూర్చి నేర్చుకొందము.

ఇప్పుడు పల్లెలలోను ఇండ్లయెదుట మోటారు సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్లు, అక్కడక్కడ కార్లు నిలుచుచున్నవి. పేడతో అలికిన మట్టి వాకిళ్లలో వానకాలమున చక్రములు దిగబడును. అందుచేత అనేకులు వాకిలి చదును చేయించి, బండి నిలుపుటకు సిమెంటు దిమ్మె పోయించి, మిగిలిన చోట మొక్కలు వేయుచున్నారు. ఇది మంచి పనియే. మేమును చేసితిమి, అయితే తప్పుగా చేసితిమి. ఆ తప్పును మొదట చెప్పి, తరువాత పనిక్రమమును చెప్పుదుము.

మా ఇల్లు పల్నాటి నల్లరేగడి నేలమీద నున్నది. మా కుమారుడు పాత కారొకటి కొని తెచ్చినప్పుడు, అది ఎండలో వీధిని నిలువకుండునట్లు వాకిటిని సరిచేయించితిమి. వేసవిలో ట్రాక్టరు బ్లేడు తెప్పించగా రెండు గంటలలో ఎత్తుపల్లములు పోయి నేల పళ్లెమువలె కనబడెను. మరునాడే కంకర పరచి సిమెంటు పోయించితిమి. చూచినవారందరు మెచ్చుకొనిరి, మేమును సంతోషించితిమి. రసమట్టము పెట్టి చూచినవాడొక్కడును లేడు.

ఆషాఢములో పెద్దవాన పడినది. నీళ్లు కొంతసేపు దిమ్మెమీద నిలిచి, పిమ్మట మెల్లగా తూర్పునకు మరలెను. తూర్పున మేము పిన్నమ్మా అని పిలుచు ఒక విధవరాలి మట్టిగోడ యున్నది. రెండు దినములు గోడ అడుగు నానెను, మూడవ రాత్రి మూల కూలెను. ఆ మూలనే ఆమె దినమును మేకపిల్లలను కట్టును. వాన జల్లు కొట్టుచున్నదని ఆ రాత్రి వాటిని లోపలికి తెచ్చుకొన్నందున అవి బ్రతికినవి. ఉదయమున ఆమె వచ్చి కేకలు వేయలేదు. మా అరుగుమీద కూర్చుండి, "నాయనా, మీ వాకిలి బాగానే ఉంది గానీ, నీళ్లకి దారి మా ఇంట్లోంచి పెట్టారేం?" అని మాత్రము అడిగినది. మాకు ఉత్తరము దొరకలేదు.

ఇట్లేల జరిగెను? లెక్క చూడుడి. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడినయెడల అది ఒక లీటరు నీరగును. ముప్పదియడుగుల పొడవు, ఇరువదియడుగుల వెడల్పు గల వాకిలి సుమారు 56 చదరపు మీటర్లుండును. దానిమీద 5 సెంటీమీటర్ల వాన కురిసినచో 2,800 లీటర్ల నీళ్లు వచ్చినట్లు. అనగా 200 లీటర్ల పీపాలు పదునాలుగు. మునుపటి మట్టినేల అందులో కొంత త్రాగెను, గుంటలు కొంత పట్టియుంచెను. సిమెంటు ఏమియు త్రాగదు. మేము గుంటలన్నిటిని పూడ్చి, ఆ పీపాలన్నిటిని ఒక్కసారిగా ఒక ముసలమ్మ గోడమీద కుమ్మరించితిమి.

కాబట్టి చదునుచేయుట యనగా నేలను సమమట్టముగా చేయుట కాదని మొదట గ్రహింపవలెను. నీళ్లు ఏ దారిని పోవలెనో నిర్ణయించి, ఆ దారికి నేలను వంచుటయే చదును. గునపము పట్టకమునుపే వానలో గొడుగు పట్టుకొని వాకిట నిలువబడి, ఇప్పుడు నీళ్లు ఎక్కడనుండి వచ్చి ఎక్కడికి పోవుచున్నవో చూడవలెను. వేసవిలోనే పని చేయవలసినయెడల నాలుగు బిందెల నీళ్లు పోసి చూచినను చాలవరకు తెలియును.

తరువాత వీధిమట్టమును చూడుడి. ఇది అనేకులు మరచుదురు. మన ఊళ్లలో పాత సిమెంటు రోడ్డును త్రవ్వక దానిమీదనే క్రొత్తది వేయుటచేత, వీధి కొన్నిచోట్ల జానెడు, కొన్నిచోట్ల మూరెడు లేచినది. పాత ఇండ్లు పల్లములో పడినవి. వీధి మీ వాకిటికంటె ఎత్తుగా నున్నయెడల నీళ్లను వీధికి పంపుదునని తలంచుట వ్యర్థము. అప్పుడు ప్రక్క కాలువకు తూముద్వారా పంపవలెను, లేక వాకిటిని మెరక చేయవలెను. మెరక చేయునప్పుడు వాకిలి ఇంటి గచ్చుకంటె కనీసము అరయడుగు పల్లముగా నుండునట్లు చూడవలెను. లేనిచో తేమ గోడలెక్కును, పెద్దవానకు నీళ్లు గడప దాటును.

మట్టము చూచుటకు గొప్ప యంత్రములు అక్కరలేదు. మేస్త్రీలు వాడు సన్నని తెల్లని ప్లాస్టిక్ గొట్టము పదునైదు మీటర్లు చాలును. బుడగ లేకుండ నీరు నింపి, ఒక చివర ఇంటిగోడయొద్దను రెండవ చివర వాకిటి చివరను పట్టుకొనినయెడల రెండు చోట్ల నీరు ఒకే ఎత్తున నిలుచును. ఆ గుర్తులను గోడమీదను కొయ్యగూటముమీదను గీయుడి. గొట్టములో చిన్న బుడగ యున్నను లెక్క తప్పును గనుక రెండు మారులు చూచుట మేలు. పిమ్మట ఇంటినుండి దూరమునకు ప్రతి నాలుగడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు ఇయ్యుడి. కారు నిలుచుటకు పదియడుగుల వెడల్పు, పదునెనిమిదడుగుల పొడవు కావలెను. ఆ పొడవునకు వాలు నాలుగంగుళములకు కొంచెము పైన వచ్చును. ఇంత వాలు కంటికి కనబడదు, బండికి తెలియదు, నీటికి మాత్రము తెలియును. గూటములకు దారము కట్టి, ఆ దారమునుబట్టి పని చేయించుడి. మా కన్నులను నమ్మియే మేము మోసపోతిమి.

సరిహద్దు రాళ్లనుగూర్చి ఒక మాట. బ్లేడు గాని జె.సి.బి. గాని వచ్చినప్పుడు ఆ రాళ్లు తెలియకయే జానెడు జరుగును, లేక మట్టిలో పూడిపోవును. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయము పొరుగువాని సరిహద్దు రాతిని జరుపకూడదని చెప్పుచున్నది. బుద్ధిపూర్వకముగా జరుపువారు కొందరే, యంత్రము జరిపిన పిమ్మట ఊరకుండువారు అనేకులు. పని మొదలుపెట్టకమునుపు పొరుగువారిని పిలిచి, ఇరువురి యెదుట రాతికి సున్నము పూయించుడి. వాలు ఏ వైపునకు పెట్టుచున్నారో అప్పుడే వారితో చెప్పుడి. మేము పిన్నమ్మతో ఆ మాట ముందే చెప్పియుండినచో ఆమెయే మమ్మును ఆపియుండును, ఏలయనగా ఆ నీటి దారులు ఆమెకు నలుబది సంవత్సరములుగా తెలియును.

ఇక నేల సంగతి. ఎఱ్ఱనేల, గరపనేల గలవారు అదృష్టవంతులు. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. దానిలోని బంకమట్టి తన పొరల నడుమ నీటిని చేర్చుకొనుటయే ఇందుకు కారణము. దానిమీద నేరుగా పోసిన సిమెంటు ఎంత మందముగా నున్నను ఎత్తబడి పగులును. కనుక దిమ్మె వచ్చుచోట రేగడిని కనీసము అడుగులోతు, వీలైనచో రెండడుగులు తీసివేసి, గ్రావెల్ పోయవలెను. తెలంగాణములో దీనినే మొరము అందురు. బొంబాయి ఐ.ఐ.టి.లో పనిచేసిన ఆచార్య కట్టిగారు నల్లరేగడిలో కట్టడములనుగూర్చి పరిశోధించి, ఉబ్బని గుణము గల జిగురుమట్టిని దళసరి పొరగా మధ్య వేసినయెడల క్రిందినుండి వచ్చు ఉబ్బు అణగునని చూపిరి. ఉత్త ఇసుక పోసిన చాలునని కొందరు చెప్పుదురు గాని ఇసుక నీటిని నేరుగా రేగడికి దింపును. అది రేగడినేలకు తగినది కాదు.

పోసిన మట్టిని ఒక్కసారిగా గుట్టవేసి పైన దిమ్మిసతో కొట్టుట వ్యర్థము. దెబ్బ పైపొరకే తగులును. అరయడుగు పొరగా పరచి, తడిపి, దిమ్మిస వేసి, అది గట్టిపడిన తరువాత రెండవ పొర పోయవలెను. ఎంత తడుపవలెను? 1933లో కాలిఫోర్నియాలో మట్టి ఆనకట్టల పనిలోనున్న ప్రాక్టరు అను ఇంజనీరు దీనిని శ్రద్ధగా పరీక్షించి ప్రకటించెను. మరి పొడిగానున్న మట్టి అణగదు, మరి తడిసినది దెబ్బకు ప్రక్కకు జారును. నడుమనొక పదును గలదు, ఆ పదునులో అది అన్నిటికంటె గట్టిగా కుదురుకొనును. పల్లెలో పరీక్ష సులభము. పిడికెడు మట్టి పిసికినయెడల ముద్ద నిలువవలెను, చేతికి అంటకూడదు, క్రింద వేసినయెడల ముక్కలు కావలెను. దుక్కి పదును ఎఱిగిన రైతునకు దీనిని మేము నేర్పనక్కరలేదు.

సిమెంటు పనినిగూర్చి మేస్త్రీలకు తెలియును గనుక క్లుప్తముగా చెప్పుదుము. కారునకు నాలుగంగుళముల దళసరి చాలును; లోడు ట్రక్కుతో ట్రాక్టరు నిలుచునయెడల ఆరంగుళములు వేయుట క్షేమము. సులువుగా పరచవచ్చునని నీళ్లు ఎక్కువ పోయనియ్యకుడి, బలము పోవును. ఎనిమిదడుగులకొక గాడి కోయించినయెడల పగులు ఆ గాడిలోనే పోవును. దిమ్మెను ఇంటిగోడకు అతికింపక, నడుమ అరంగుళము సందు విడిచి తారు అట్ట పెట్టుడి. ఏడు దినములకు తక్కువ గాకుండ, ఎండ మిక్కుటమైనయెడల పది దినములు, గోనెపట్టాలు కప్పి తడుపుచుండవలెను. మేము నాలుగు దినములలోనే కారు ఎక్కించితిమి. ఆ పగుళ్లు ఇప్పటికి కనబడుచున్నవి.

మొక్కల విషయమై స్త్రీలు ముందుగా లేచి చూడవలసిన పని యొకటి గలదు. బ్లేడు వచ్చినప్పుడు పైనున్న జానెడు మంచిమట్టిని వేరుగా కుప్పవేయించుడి. లేనిచో అది దిమ్మె క్రిందికి పోయి, మొక్కలకు చవుడు మిగులును. పెరిగిన వేపచెట్టు గాని మామిడిచెట్టు గాని యున్నయెడల దాని మొదటిచుట్టు మట్టి ఎత్తుగా పోయకుడి. వేళ్లకు గాలి అందక, మొదలు కుళ్లి, రెండు మూడేండ్లలో చెట్టు ఎండిపోవచ్చును. అప్పటికి కారణము ఎవరికిని జ్ఞాపకముండదు. వాలు అంచున గరిక గాని వట్టివేరు గాని నాటినచో మట్టి కొట్టుకొనిపోదు. కరివేప, మందారము, మల్లె దిమ్మెకు మూడడుగుల ఎడముగా పెట్టుడి. ఇంకుడుగుంత ఎఱ్ఱనేలలో బాగుగా పనిచేయును. నల్లరేగడిలో అది నిండి నిలుచును గాని ఇంకదు, దోమలు మాత్రము పెరుగును. ఏ నేలలోనైనను దానిని మీ పునాదికి గాని పొరుగువారి పునాదికి గాని దగ్గరగా త్రవ్వకూడదు.

మా పని యెట్లు ముగిసెనో చెప్పి విరమింతుము. మొదట పిన్నమ్మ గోడ మూలను రాతి పునాదితో కట్టించితిమి. ఆమె వద్దనినను, మా కుమారుడే రాళ్లు మోసెను. తరువాత దిమ్మె తూర్పు అంచును అడుగు వెడల్పున పగులగొట్టించి, గొట్టముతో మట్టము చూచి, వీధికాలువ వరకు వాలుగా సిమెంటు కాలువ వేయించితిమి. అది మూడు దినముల పని. మొదటనే చేసియుండినయెడల అరపూట పట్టియుండును. భాద్రపదములో మరల పెద్దవాన వచ్చినప్పుడు, రాత్రివేళ టార్చిలైటు పట్టుకొని బయటికి వచ్చి చూచితిమి. గోడకు అవతల పిన్నమ్మయు గోనెపట్టా కప్పుకొని చూచుచుండెను. నీళ్లు కాలువలోబడి వీధికి పోవుచుండెను. కొంతసేపు చూచి ఆమె, "ఇంక పోయి పడుకోండి నాయనా, తడుస్తారు" అని చెప్పి లోపలికి పోయెను.