రాతిమీది సంవత్సరము

ప్రశ్న: జహీరాబాదులో మా ముత్తాతగారి సమాధిపై ఉర్దూలో ‘హైదరాబాదు రెజిమెంటు, రెండు మహాయుద్ధములు, 1357’ అని యున్నది. ఆయన కొలువు వివరములెట్లు తెలియును?

జవాబు: ముందు సంవత్సరమును పరిశీలింపుడు. హిజ్రీ యనుకొన్నచో అది 1938–39 అగును. అప్పటికి రెండవ యుద్ధమే మొదలు కాలేదు! కనుక అది నిజాం సర్కారు దస్తరములలో నడచిన ఫసలీయే కావలెను. 590 కలిపినచో 1947–48 వచ్చును.

చిక్కంతయు రెజిమెంటు పేరులోనే యున్నది. మొదటి యుద్ధమున సూయజు కాలువ, పాలస్తీనాలలో లాన్సర్లను, 1941లో మలయాలోని కోటాబారున పదాతులను నిలిపిన నిజాము సొంత సైన్యము వేఱు. 1945లో కుమావూను పేరు దాల్చిన బ్రిటిషు భారత సైన్యపు 19వ హైదరాబాదు రెజిమెంటు వేఱు. మీ ముత్తాతగారిది ఏ సైన్యమో తేల్చుటకు, మీ యింట మొదటి యుద్ధపు పతకమున్నచో దాని అంచును భూతద్దముతో చదువుడు. నంబరు, హోదా, పేరు, దళము అచ్చటనే చెక్కియుండును. రాతిని మాత్రము ఆమ్లముతో రుద్దకుడు. సాయంకాలపు ఏటవాలు వెలుగులో ఫొటో తీసిన చాలును.

నిజాము దళమైనచో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్సులోను, కుమావూనైనచో రాణీఖేతు రికార్డు కార్యాలయములోను విచారింపుడు. అక్షరములు అరిగిపోయినచో ఉర్దూ పండితునకు చూపుడు. పతకపు నంబరు పింఛను కాగితముతో సరిపడనిచో సంగారెడ్డిలోని సైనిక సంక్షేమ కార్యాలయమునకు స్వయముగ వెళ్ళుడు.