ముసురు దినములలో సంఘపు బ్యాటరీలు: జనరేటరుతో చార్జింగు చేయు పద్ధతి



జువ్వలదిన్నె మొదలుకొని మైపాడు, కృష్ణపట్నం వరకు మన తీర గ్రామములలో వానలు ఎక్కువగా పడునది అక్టోబరు నుండి డిసెంబరు వరకు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరము దాటిన తుపాను, 2023 డిసెంబరులో మన తీరము వెంట సాగి బాపట్ల వద్ద ఒడ్డెక్కిన మిచౌంగ్ తుపాను ఈ కాలపువే. బర్రెలు ఈని, సంఘమునకు పాలు హెచ్చుగా వచ్చు కాలము కూడ ఇదే. అనగా కరెంటు తీగలు తెగి, ఎండ కరవైన రోజులలోనే పాల క్యాన్లు నిండుచుండును. సోలారు పలకలు, బ్యాటరీలు అమర్చుకొన్న సంఘములకు అసలు పరీక్ష అప్పుడే.

బ్యాటరీ పడిపోయినచో వెన్న శాతము చూచు యంత్రము నిలిచిపోవును. అందరి పాలకు ఒకే అంచనా కట్టవలసి వచ్చును. చిక్కని పాలు పోసిన వారికి నష్టము, నీళ్ళు కలిపిన వారికి లాభము. సంఘములో తగవులు అక్కడే పుట్టును. అందువలన ఈ పాఠమును కార్యదర్శికే గాక సభ్యులందరికి వ్రాయుచున్నాము.

ముందు లెక్క

ఒక చిన్న సంఘమును ఉదాహరణగా తీసికొందము. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ ట్యూబులర్ బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపినచో 48 వోల్టులు. 48ని 150తో హెచ్చించగా 7,200 వాట్-అవర్లు, అనగా 7.2 యూనిట్లు. ఇందులో సగము మించి వాడరాదు. వాడిన కొలది బ్యాటరీ ఆయుర్దాయము తగ్గును. కనుక చేతికి వచ్చునది 3.6 యూనిట్లు.

పాల పరీక్ష యంత్రము, తూకపు యంత్రము, కంప్యూటరు, దీపములు కలిసి 300 వాట్లు అనుకొందము. పూటకు మూడు గంటల చొప్పున రెండు పూటలకు 1.8 యూనిట్లు. ఇన్వర్టరులో పోవు నష్టముతో రోజుకు 2 యూనిట్లు. ఎండ లేనిచో రెండు రోజులు కూడ నిండుగా గడవవు. దట్టమైన ముసురులో పలకల నుండి మామూలులో నాలుగవ వంతు కూడ రాకపోవచ్చును. అప్పుడు జనరేటరు తప్పదు. బల్కు కూలరును మాత్రము ఈ బ్యాటరీల మీద నడుపరాదు.

ఎంతవరకు ఎక్కించవలెను?

బ్యాటరీ బిందె వంటిది కాదు, మొదటి నుండి చివరి వరకు ఒకే వేగముతో నిండదు. 150 ఆంపియర్-అవర్ బ్యాటరీకి పదవ వంతు, అనగా 15 ఆంపియర్ల చార్జింగు తగినది. అంతకు బాగా మించినచో వేడెక్కి నీరు తరిగిపోవును. సగము ఖాళీ అయిన బ్యాటరీ 80 పాళ్ళకు రావలెనన్న 45 ఆంపియర్-అవర్లు కావలెను. ఇది సుమారు మూడు గంటల పని. ఒక రోజు అవసరమునకు ఇది చాలును.

నాలుగు బ్యాటరీల మీద వోల్టేజి 57.6కు చేరిన పిదప, చార్జరు దానిని అక్కడే నిలిపి, ఆంపియర్లను క్రమముగా తగ్గించును. మిగిలిన 20 పాళ్ళు ఎక్కుటకు మరి నాలుగైదు గంటలు పట్టును. ఆ సమయమంతయు జనరేటరు కొద్దిపాటి లోడు మీద తిరుగును. మంచి లోడులో లీటరు డీజిలుకు సుమారు 3 యూనిట్లు రాగా, తక్కువ లోడులో అందులో సగమైనను రాదు. పైగా ఇంజనులో మసి పట్టును.

కాబట్టి మా సలహా ఇది: డీజిలుతో బ్యాటరీని లేపవలెనే గాని నింపరాదు. నింపు పనిని సూర్యునికి వదలవలెను. అమ్మీటరు 15 నుండి 8కి దిగగానే జనరేటరు ఆపవచ్చును. రాత్రి పూట జనరేటరు వేసి తెల్లవారుసరికి బ్యాటరీ నింపిన సంఘములను మేము తనిఖీలలో చూచితిమి. మరునాడు ఎండ కాసినను ఆ కరెంటుకు చోటు లేక వృథా అగును.

ఏ వేళ నడుపవలెను?

ఉదయపు పాల సేకరణ వేళయే సరియైనది. పాలను 4 డిగ్రీలకు దించుటకు కూలరు కొరకు జనరేటరు ఎటులను నడువవలెను. ఆ గంటలలోనే బ్యాటరీలు కూడ లేచును. ముందు కూలరు కంప్రెసరు వేసి, అది నిలకడగా తిరిగిన పిదపనే చార్జరు వేయవలెను. ఆపునపుడు ముందు చార్జరు, పిదప కంప్రెసరు. కూలరు లేని సంఘములు సేకరణ యంత్రములను, చార్జరును ఒకేసారి నడిపి, చిన్న జనరేటరుతో సరిపెట్టుకొనవచ్చును.

ఒక మినహాయింపు గలదు. వారముల తరబడి అరకొరగా ఉన్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి శక్తి తగ్గును. పదిహేను రోజులలో ఒక్కసారియైనను ఎండ వలన పూర్తిగా నిండనిచో, ఆ ఒక్కమారు జనరేటరుతోనే చివరి వరకు నింపవలెను. లిథియం బ్యాటరీలకు ఈ అంకెలు వర్తించవు. తయారీదారు పట్టిక చూడవలెను.

మరువరాని జాగ్రత్తలు

1. జనరేటరును చేంజ్ ఓవర్ స్విచ్చి ద్వారానే కలుపవలెను. లేనిచో మన కరెంటు వెనుకకు పోయి, తెగిన తీగలు బాగుచేయు లైనుమాన్ ప్రాణము తీయగలదు.
2. జనరేటరును గదిలో నడుపరాదు. దాని పొగ ప్రాణాంతకము.
3. చార్జింగు వేళ బ్యాటరీల నుండి మండు వాయువు వెలువడును. కిటికీలు తెరువవలెను. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు.
4. డిస్టిల్డ్ వాటరు తప్ప వేరు నీరు పోయరాదు. ఉప్పు గాలికి టెర్మినళ్ళు చిలుము పట్టును గనుక తుడిచి వాజిలిన్ పూయవలెను.

సభ్యులు మహాజన సభలో అడుగవలసిన ప్రశ్నలు

జనరేటరు వేసిన వేళ, ఆపిన వేళ, వాడిన డీజిలు, బ్యాటరీ వోల్టేజి వ్రాయు రిజిష్టరు గలదా? లోడు తీసి అరగంట ఆగి కొలిచినపుడు ఒక్కొక్క బ్యాటరీ 12.2 వోల్టులకు తగ్గకుండ చూచుచున్నారా? వానలకు ముందు సెప్టెంబరులోనే డీజిలు నిలువ, చార్జరు పరీక్ష జరిగినవా?

డీజిలు ఖర్చు సంఘము మీద, అనగా మీ పాల డబ్బు మీద పడును. ఈ మూడు ప్రశ్నలకు పాలకవర్గము నుండి జవాబు రాబట్టుట సభ్యుల హక్కు.